దారం కట్టిన చోట

బొటనవేలి గోరు తీగ కిందికి దూరితే ఆ తీగ ఇంకో నెల ఉండొచ్చు. దూరకపోతే ఇవాళే తీసెయ్యాలి. అక్క పొద్దున్నే ఏడింటికల్లా మొదటి వరసలో మొదటి కుండీ దగ్గర నిలబడి ఈ పరీక్ష మొదలుపెట్టింది. కొమ్మని వంచడానికి చుట్టిన రాగితీగ కింద గోరు పెట్టడం, తియ్యడం, పక్క కుండీకి జరగడం. ఆమెకి యాభై ఏడేళ్ళు. ఆ గోరు నడిమికి చీలి, అంచులు గోధుమరంగు తిరిగి, ఎంత తోమినా పోని మరకతో ఉంటుంది. తొమ్మిదో ఏట కత్తెర పట్టిన దగ్గర్నించీ చెట్ల పసరు తాగిన గోరు అది.

నాలుగో కుండీలో జువ్వి మొక్క దగ్గర గోరు దూరలేదు. చిన్న కత్తెరతో తీగని చుట్టుకో తుంపు చొప్పున కోసి, ఒక్కో తుంపునీ పైకి లేపి డబ్బాలో వేసింది. తొందరపడి చుట్లు వెనక్కి విప్పేవాళ్ళున్నారు, విప్పుతూ విప్పుతూ కొమ్మని చేతికి తెచ్చుకుంటారు. ఇంకో వారం ఆలస్యమైతే తీగ బెరడులోకి దిగేది. దిగిన మచ్చ చెట్టు బతికినంత కాలమూ పోదు. మనుషుల్లో దిగిన తీగలు పైకి కనపడవు కాబట్టి సరిపోయింది.

ఆ పెరడు పొడవాటిది. పైన ఆకుపచ్చ వలగుడ్డ, కింద అయిదు వరసల చెక్కబల్లలు, బల్లల మీద కుండీలు, కుండీల్లో జానెడూ మూరెడూ ఎత్తున పొట్టిగా పెంచిన బోన్సాయ్ చెట్లు. చివర్న రేకుల గది, దానికి ఇనపజాలీ కిటికీ. అది కోత గది. గేటు మీద బోర్డుంది. బోర్డు మీద తమ్ముడి పేరు, పేరు కింద తమ్ముడి బొమ్మ, బొమ్మ చేతిలో ఒక చెట్టు. చెట్టు మాత్రం అక్క పెంచింది. సొమ్మొకరిది సోకొకరిది అన్న సామెతకి బొమ్మ వెయ్యమంటే ఎవరైనా అదే వేస్తారు.

వెనక నించి గొట్టం ఈడ్చుకుంటూ గొట్టం బాబాయి వచ్చాడు. పెరడంతా నీళ్ళు పోసేది ఆయనే. అక్క కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అయినా అందరితో పాటు ఆయనా ఆమెని అక్కా అనే పిలుస్తాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఈ లెక్కన ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలంటే నలుగురు పెద్దమనుషులు కూర్చోవాలి.

"రేపట్నించి నిజంగానే రావా అక్కా?" అన్నాడు, గొట్టం మూతి వేలితో నొక్కి పట్టుకుని.

"రానని చెప్పాగా."

"మాస్టారుకి చెప్పావా?"

"సాయంత్రం చెప్తాను."

"ఆసుపత్రి ఆవరణలో కంచె మొక్కలు కొయ్యడానికి నువ్వెందుకు? దారానికి సమంగా కొడుతూ పోతే చాలు. కళ్ళు మూసుకుని కూడా కొయ్యొచ్చు."

"అందుకే పోతున్నా. ఇన్నాళ్ళు కళ్ళు తెరుచుకుని కోసింది చాల్లే."

బాబాయి ఇంకేదో అనబోయి గొట్టం మూతి వదిలేశాడు. నీళ్ళు ఆయన చెప్పుల మీదే పడ్డాయి.

మాస్టారు అంటే అక్క తమ్ముడే. ఆరేళ్ళ క్రితం తమ్ముడి దగ్గర నేర్చుకోవడానికి జనం రావడం మొదలైనప్పుడు, "పదిమందిలో తమ్ముడూ అనకక్కా, బాగుండదు," అన్నాడు. అప్పట్నించి పెరట్లో ఆమె కూడా మాస్టారూ అనే అంటోంది. ఎత్తుకుని ముక్కు తుడిచిన పిల్లాణ్ణి మాస్టారూ అనడానికి మొదట్లో నవ్వొచ్చేది. తరవాత నవ్వు రావడం మానేసింది.

నాలుగు రోజుల క్రితం మాస్టారు రాసిన పుస్తకం అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, నిండా రంగు బొమ్మలు. దాని పేరే 'దారం పద్ధతి'. కొయ్యాల్సిన కొమ్మకి ముందుగా ఎర్ర దారం కట్టడం ఆ పద్ధతి. దారం ఎక్కడ కట్టాలో తెలియడమే విద్య అనీ, కొయ్యడం ఎవరైనా కోస్తారనీ మొదటి పేజీలోనే రాశాడు. నీకెవరు నేర్పారని అడిగేవాళ్ళకి జవాబు కూడా రాశాడు: ఎవరూ నేర్పలేదు, చెట్లే నేర్పాయి. అరవై ఒకటో పేజీలో అక్క బొమ్మ ఉంది. బొమ్మలు తీసేవాడు ఆ రోజు బాబాయి చేతిలో గొట్టం తీసుకుని ఆమె చేతికిచ్చి, కొంచెం నవ్వమన్నాడు. ఆమె నవ్వింది. బొమ్మ కింద 'మొక్కలకు నీళ్ళు పోస్తున్న సిబ్బంది' అని ఉంది.

"నా గొట్టం పట్టుకుని నా ఉద్యోగం నువ్వు కొట్టేశావు," అని బాబాయి తగాదాకి వచ్చాడు. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు కూడా. ఇంటికెళ్ళాక అక్క కంచం ముందు కూర్చుని ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేసింది. అక్క అని రాస్తే వాడి సొమ్మేం పోయింది? నేర్పిందని రాయక్కర్లేదు, కోసిందని రాయక్కర్లేదు. మా అక్క అని రెండు మాటలు. ఆ రెండు మాటలకీ కాగితం చాల్లేదా? ఆసుపత్రి తోట పనికి ఒప్పుకుంది ఆ మర్నాడే.

తొమ్మిదింటికి మాస్టారు వచ్చాడు. నలభై తొమ్మిదేళ్ళు, జుట్టుకి రంగు, ఇస్త్రీ చెడని చొక్కా, మెడలో తాడుకి వేలాడే ఫోను. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏనాడో తెగతెంపులైపోయేవి. వస్తూనే, "టీ తాగావా అక్కా?" అని అడిగాడు. జవాబు వినకుండా మూడో వరస దగ్గరికి వెళ్ళి ఒక కుండీని రెండు చేతులా ఎత్తుకొచ్చి కోత గదిలో తిరిగే బల్ల మీద పెట్టాడు.

లేత దానిమ్మ అది. తొమ్మిదేళ్ళది, జానెడున్నర ఎత్తు. ఆ కుండీ చూడగానే అక్క కాళ్ళు వాటంతటవే గది వైపు నడిచాయి.

"ఇదా మాస్టారూ? ఇది ఇంకో ఏడాది ఆగాలి."

"నువ్వెప్పుడూ ఆగాలనే అంటావు. నా కళ్ళల్లో పడిందక్కా ఇది," అంటూ జేబులోంచి ఎర్రదారం ఉండ తీశాడు.

ఫోను కంటికి ఎదురుగా పెట్టుకుని అందులోంచి చెట్టుని చూశాడు. చెట్టుని అతను ఎప్పుడూ అలాగే చూస్తాడు. ఫోనులో చెట్టు బొమ్మలాగా చదునుగా కనిపిస్తుంది. వెనక ఉన్న కొమ్మా ముందున్న కొమ్మా ఒకదాని మీదొకటి పడి చిక్కుగా అగుపిస్తాయి. చిక్కు విడదీస్తే అందం వస్తుందని అతని లెక్క. ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేత్తో దారాలు కట్టాడు. మధ్యలో ఎవరో ఫోను చేస్తే వాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతూనే రెండు కట్టాడు. అన్నీ కలిపి ఆరు.

ఆ తరవాత అతను ఇంతవరకూ ఎన్నడూ చెయ్యని పని చేశాడు. బల్ల తిప్పుతూ నాలుగు వైపుల నించీ దారాలు కనపడేలా ఫొటోలు తీశాడు.

"అవెందుకు?" అంది అక్క.

"రెండో భాగానికి. పొద్దున దారాలతో ఒకటి, సాయంత్రం కోశాక ఒకటి. పక్కపక్కన వేస్తే నేనేం చూసి కట్టానో చదివేవాడికి తేలిగ్గా తెలుస్తుంది. నాలుగున్నరకి వస్తా. కోసి ఉంచు."

వెళ్ళిపోయాడు. గేటు చప్పుడైంది. అక్క తన పీట లాక్కుని బల్ల ముందు కూర్చుంది.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ గదిలో జరిగేది వేరు. పొద్దున తమ్ముడు దారాలు కడతాడు. అతను వెళ్ళగానే అక్క ఆ దారాలు విప్పి, అవే దారాలు, అవే రెండు ముళ్ళు, ఉండాల్సిన చోట కడుతుంది. కట్టి అక్కడ కోస్తుంది. సాయంత్రం తమ్ముడు వచ్చి కోసిన కొమ్మలకి తన ముడి చూసుకుంటాడు, చెట్టు చూసుకుంటాడు. "చూశావా? నేను చెప్పలా?" అంటాడు. ఎక్కడ కట్టాడో గుర్తుపెట్టుకునే అలవాటు అతనికి లేదు. కట్టానన్నది గుర్తుంటే చాలు.

ఈ దొంగపని ఆమె చేత చేయించింది నాన్న. పగలు ఓ ఆఫీసులో గుమాస్తా, పొద్దునా సాయంత్రమూ మేడ మీద కుండీలూ ఆయన బతుకు. వేళ్ళు వణకడం మొదలయ్యాక తొమ్మిదేళ్ళ కూతురి వేళ్ళు అరువు తీసుకున్నాడు. ఎరుపు దారం కూడా ఆయనదే. అయితే ఆయన దారం కట్టేది అనుమానం ఉన్న చోట. కట్టి, ఒక రోజంతా వచ్చీ పోతూ ఆ కొమ్మని చూసి, అప్పుడు కొయ్యాలో వద్దో తేల్చుకునేవాడు. కోసింది మళ్ళీ అతకదుగా. తమ్ముడికి ఆ దారం ఒక్కటే నచ్చింది, అనుమానం నచ్చలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వాడు మొక్కగా ఉన్నప్పుడు వంచే పని ఆ ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు.

అక్కకి ఇరవై రెండో ఏట పెళ్ళయింది, ఇరవై ఆరో ఏట భర్త పోయాడు. ఒక పెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చేసరికి నాన్న ఈ స్థలం కొని ఉన్నాడు, తమ్ముడు నాన్న పక్కన కూర్చుని ఉన్నాడు. మరో రెండేళ్ళకి నాన్న మంచం పట్టాడు. చివరి వారంలో ఆమెని దగ్గరికి పిలిచి, "వాడికి కన్ను లేదమ్మా. నువ్వు చూస్తూ ఉండు. వాడికి మాత్రం తెలియనివ్వకు, ఓర్చుకోలేడు," అన్నాడు. ఆమె సరేనంది.

వాడు ఓర్చుకోలేడన్నాడే గాని, ఇది ఓర్చుకోగలదా అని నాన్న అడగలేదు. ఈ మాట ఆమెకి తట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. తట్టినప్పుడు చచ్చిపోయిన మనిషి మీద వచ్చిన కోపం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

అది తట్టింది తొమ్మిదేళ్ళ క్రితం, పెద్ద దానిమ్మ పోయిన రోజున. ఆ చెట్టుకి తమ్ముడు ఒక్క దారం కూడా కట్టలేదు. నాన్న పోయిన ఏడు మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళు ఆమె ఒక్కతే పెంచింది. కాండం మెలి తిరిగి, ఒక పక్క బెరడు ఊడి తెల్లబడి, కొమ్మ కొసల్లో గోటంత కాయలు కాసేది. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే బల్ల మీద కుండీ లేదు. చెక్క మీద కుండీ నాలుగు కాళ్ళ మచ్చలున్నాయి. తమ్ముడు దాన్ని ముందు రోజు సాయంత్రం ఓ పెద్దాఫీసరుకి కానుకగా ఇచ్చేశాడు. ఆయన దాన్ని ఏసీ గదిలో, ఎండ తగలని అలమరలో పెట్టుకున్నాడు. మూడు నెలల్లో ఆకులన్నీ రాలిపోయాయి. కబురొస్తే అక్క వెళ్ళింది. గోటితో గీకి చూస్తే ఇంకా పచ్చి ఉన్న పుల్లలు మూడు దొరికాయి. విరిచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. దారిపొడుగునా ఏడ్చింది.

తమ్ముడు ఆ ఏడుపు చూసి కంగారుపడ్డాడు. నిజంగానే జాలిపడ్డాడు. "చెట్టే కదక్కా, ఇంకోటి పెంచుతావులే," అన్నాడు.

మూడు పుల్లల్లో ఒకటి వేరు తొడిగింది. అదే ఇప్పుడు బల్ల మీద ఉన్న దానిమ్మ.

అక్క బల్లని మెల్లిగా తిప్పింది. ఏ చెట్టుకైనా ఒక ముఖం ఉంటుంది, చూసేవాడి వైపు కొంచెం వంగి పలకరించే పక్క. దీని ముఖం ఎటో ఆమెకి నాలుగో ఏడే తెలిసింది. కింది కొమ్మ ఎడమకి, రెండోది కుడికి, మూడోది వెనక్కి. వెనక కొమ్మ ముందు నించి సరిగా కనపడదు, కానీ అది ఉంటేనే చెట్టుకి వెనక చోటుందని తెలుస్తుంది. అది తీసేస్తే గోడకి అతికించిన కాగితం ముక్క అయిపోతుంది. కొమ్మల కొసల్లో ఎర్రటి చిగుళ్ళు అప్పుడే కన్ను తెరుస్తున్నాయి.

తమ్ముడి దారాలు ఉన్నాయి. వెనక కొమ్మకి ఒకటి. ఎడమ కింది కొమ్మకి ఒకటి. పైన శిఖరానికి రావాల్సిన లేత కొమ్మకి ఒకటి. మిగిలిన మూడూ కుడి పక్కని బోడి చెయ్యడానికి సరిపోతాయి.

మామూలు రోజైతే ఆమె ఈపాటికి దారాలు మార్చేసి ఉండేది. ఇవాళ మార్చినా లాభం లేదు. అతని ఫోనులో ఫొటోలున్నాయి. చెట్టుని బతికిస్తే సాయంత్రానికి, చెప్పిన చోట కొయ్యలేదేమని అడుగుతాడు. కోప్పడతాడు. ఆమె ఏదో ఒకటి చెప్తుంది, సిబ్బందికి పొరపాట్లు మామూలే కదా. అతను క్షమించేస్తాడు. చెట్టు మిగులుతుంది, పుస్తకం రెండో భాగంలో అతని చెట్టుగా మిగులుతుంది. చెప్పింది చెప్పినట్టు కోస్తే మాత్రం వేరే సంగతి. తప్పు ఎవరిదో ఫోనే చెప్తుంది. ఆమె నోరు విప్పనక్కర్లేదు.

ఎంత పెద్ద కసి అయినా ఇంత శుభ్రంగా చేతికి అందడం అరుదు. ఒక్కటే ఇబ్బంది. దానికి బదులుగా ఇవ్వాల్సింది ఈ చెట్టుని.

తీసుకుని పారిపోతే? ఆ ఆలోచనా వచ్చింది. సంచిలో పడుతుంది, బస్సులో ఒళ్ళో పెట్టుకోవచ్చు. అప్పుడు తమ్ముడికి పోయేదేముంది? చెట్టే కదా, ఇంకోదానికి కడతాడు దారాలు. తన కన్ను మీద తన నమ్మకం అలాగే ఉంటుంది. ఆమెకి కావాల్సింది ఆ నమ్మకం. అది విరిగితే చాలు, ఇంకేమీ వద్దు.

పదకొండింటి దాకా అలా కూర్చునే ఉంది. తరవాత లేచి కత్తెర తుడిచింది.

మొదట పైకొమ్మ కోసింది. పెన్సిల్ కంటే సన్నం, సులువుగానే తెగింది. కుడి పక్క మూడూ ఒకదాని తరవాత ఒకటి కోసింది. అవి కోసేటప్పుడు ఆమె ముఖం చాలా ప్రశాంతంగా, నిమ్మకి నీరెత్తినట్టే ఉంది. ఎడమ కింది కొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. ఆ కొమ్మని నాలుగేళ్ళ పాటు తీగ మార్చి మార్చి వంచింది, ఒక్క మచ్చ పడనివ్వలేదు. 'మొక్కలకు నీళ్ళు పోస్తున్న సిబ్బంది' అని పైకే అంది. కత్తెర మూసింది. గుంటగా కోసే పెద్ద కత్తెర అది, కొమ్మ మొదలంటా తెచ్చేసింది. చివరికి వెనక కొమ్మ. అది కోసేటప్పుడు ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. దవడలు నొప్పి పుట్టేలా పళ్ళు బిగించి ఉన్నాయని కోశాకే తెలిసింది.

దారాలు విప్పలేదు. ఆరు కొమ్మల్నీ ముళ్ళతో సహా పళ్ళెంలో వరసగా పేర్చింది. దుమ్ము పడిన వేళ్ళు ఒళ్ళోని గుడ్డకి తుడుచుకుని చూస్తే, వాటిలో ఒకదాన్నించి తుంచిన పక్కపుల్ల ఎడమచేతి పక్కన నీళ్ళ గ్లాసులో నిలబడి ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. ఇన్నేళ్ళ అలవాటు, నాటుకోడానికి పనికొచ్చే పుల్ల కనపడితే చెయ్యి దానంతటదే నీళ్ళలో పెట్టేస్తుంది. మంచి పుల్ల. నాలుగు కణుపులు, రెండు చిగుళ్ళు. నెలలో వేరు తొడుగుతుంది. ఆమె దాన్ని బయటికి తీసి మిగతా వాటి పక్కన ఎండలో పడేసింది. ఇంకోటి పెంచదల్చుకోలేదు.

కోతల మీద పూసే మందు మాత్రం పూసింది. పూస్తూ, ఇది దయా అని తనని తాను అడిగి, కాదని చెప్పుకుంది. సగం కోసి వదిలేస్తే పని కాదు కదా.

మధ్యాహ్నం బాబాయి అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, అక్కడే నిలబడిపోయాడు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఆయనకీ అర్థమైంది.

"ఏంటక్కా ఇది? ఎవరిమీద కోపం దీనిమీద చూపించావు?"

"మాస్టారు కట్టిన చోటే కోశాను బాబాయ్."

"కడితే మాత్రం! నువ్వెప్పుడూ..." అని ఆగిపోయాడు. ఆమె ముఖం వంక చూశాడు.

"నీకు తెలుసా?" అంది అక్క.

"గొట్టం పట్టుకుని తిరిగేవాడికి కిటికీల్లోంచి చాలా కనపడతాయి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నా," అన్నాడు. డబ్బా మూత తియ్యకుండానే వెళ్ళిపోయాడు.

మిగిలిన మధ్యాహ్నమంతా అక్క నాలుగో వరసా అయిదో వరసా పూర్తి చేసింది. గోరు పెట్టి చూసింది, దూరనివి తుంపులు చేసి తీసింది, ఎండుటాకులు ఏరింది, ఒక నారింజ మొక్కని గాలి తగిలే వైపు మార్చింది. మిగతా చెట్లతో ఆమెకి తగువేమీ లేదు. ఆ రెండు వరసల్లోనూ ఒక్క తీగ కూడా ఉండకూడనంత సేపు ఉండలేదు.

నాలుగున్నరకి మాస్టారు వచ్చాడు. చేతిలో ఫోను సిద్ధంగా ఉంది. హుషారుగా గదిలోకి వచ్చి, బల్ల ముందు నిలబడి ఫోను ఎత్తాడు. దించాడు. బల్ల కొంచెం తిప్పి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. ఈసారి ఫోను మెడకి వదిలేసి రెండు కళ్ళతో చూస్తూ బల్లని పూర్తిగా ఒక చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు. వంగి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు. చెట్టు ముఖం ఎటుందో వెతుకుతున్నాడు. మూడో చుట్టు తిప్పేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం చేశావక్కా దీన్ని?"

"కోశాను."

"నేను కట్టిన చోట కొయ్యలేదు నువ్వు."

"అక్కడే కోశాను."

"అబద్ధం చెప్పకు. నేను కట్టింది ఇలా కాదు. నేను కడితే ఇలా రాదు!" గొంతు పైకి లేచింది. ఫోను పైకి తీసి వేలితో తెరని గబగబా జరిపాడు. "ఇదుగో, పొద్దున తీసినవి. ఇందులోనే ఉంది, చూపిస్తా."

అక్క పళ్ళెం అతని ముందుకి జరిపింది.

అతను తెర మీద ఒక దారం చూశాడు, పళ్ళెంలో కొమ్మ చూశాడు, చెట్టు మీద కోత చూశాడు. రెండోది చూశాడు. మూడోది. వేలు పెట్టి లెక్కపెడుతూ పెదవులు కదిలించాడు. ఆరూ అయ్యాక మళ్ళీ మొదటి నించి చూశాడు. ఎక్కడో ఒకచోట, ఒక్క కోత అరంగుళం అటూ ఇటూ అయి ఉంటుందన్న ఆశతో చూశాడు. అక్క ఆ వెతుకులాటంతా నిలబడి తీరిగ్గా చూసింది. ఇన్నేళ్ళలో ఆమెకి ఏ చెట్టూ ఇంత తృప్తినివ్వలేదు. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

"మరి..." అన్నాడు. పళ్ళెం పక్కకి నెట్టి, "మరి పోయినేడు బహుమతి వచ్చిన జువ్వి?"

"దారాలు మార్చాను."

"బోర్డు మీది నిమ్మ?"

"అదీ."

"నాన్న ఉన్నప్పట్నించా?"

"నాన్న చెప్పాడు కాబట్టే. నీకు తెలియనివ్వొద్దన్నాడు. ఇవాళే మొదటిసారి నీ మాట విన్నాను, తమ్ముడూ."

అతను ఆమె పీట మీద కూర్చుండిపోయాడు. పొట్టి పీట, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అరవలేదు. అరుస్తాడనీ, తిడతాడనీ, అప్పుడు ఏమేం అనాలో అక్క నాలుగు రోజులుగా వరస కట్టుకుంది. పెద్ద దానిమ్మ, ఏసీ గది, అరవై ఒకటో పేజీ, అన్నీ నాలుక మీదే ఉన్నాయి.

"మరి ఇన్నేళ్ళూ నేనేం చేసినట్టక్కా?" అన్నాడు తమ్ముడు. వెక్కిరింపు కాదు, పోట్లాట కాదు. నిజంగా తెలియక అడిగాడు. చిన్నప్పుడు లెక్క తప్పితే పలక పట్టుకొచ్చి అడిగేవాడు, అదే గొంతు.

అప్పుడు ఊరుకోవచ్చు. ఆ గొంతుకి ఆమె ఎప్పుడూ ఊరుకునేది.

"దారాలు కట్టావు," అంది.

కడుపులో తొమ్మిదేళ్ళ మంట చల్లారింది. దాని చోటులోకి ఇంకేమీ రాలేదు. నాన్నకిచ్చిన మాట పోయింది, చెట్టు పోయింది, తమ్ముడు కూడా పోయినట్టే. అన్నీ ఒకేసారి పోతే ఒళ్ళు తేలిగ్గా ఉంటుందని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు. మంచిదో చెడ్డదో రేపు ఆలోచించుకోవచ్చు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి ఆవరణలో ఉండాలి.

చేతులు కడుక్కుని, మేకుకి ఉన్న సంచి తీసుకుంది. "నేను రేపట్నించి రాను. నారింజని ఎండలోకి మార్చొద్దు, దానికి గాలి కావాలి," అంది.

అతను తలెత్తలేదు. విన్నాడో లేదో తెలియదు. ఎందుకు, ఎక్కడికి అని అడగలేదు. అడుగుతాడేమోనని ఆమె గుమ్మంలో రెండు క్షణాలు ఆగింది, అంతకంటే ఎక్కువ ఆగలేదు.

గేటు దగ్గర బాబాయి గొట్టం చుట్ట చుడుతున్నాడు. "వెళ్ళొస్తా బాబాయ్," అంటే, "వెళ్ళొస్తా అంటే రావాలి మరి," అన్నాడు. ఆయన చుట్టడం ఆపి గేటు తలుపు తీసి పట్టుకున్నాడు.

వీధిలోకి దిగే ముందు ఆమె వెనక్కి తిరిగి చూసింది. జాలీ కిటికీలోంచి పక్కవాటు ఎండ గదిలోకి పడుతోంది. తమ్ముడి చెయ్యొకటి కనిపించింది, బల్ల అంచుని పట్టుకుని తిప్పుతోంది. బల్ల మీద దానిమ్మ తిరిగి ఆగింది, మళ్ళీ తిరిగి ఆగింది. మందు ఇంకా ఆరని ఆరు కోతలతో, ఎటు తిప్పినా వీపే.